వీసా సలహాకు లైసెన్స్: న్యూజీలాండ్ ఎంచుకున్న దారి

వీసా విషయంలో ఇతరులకు సలహా ఇవ్వాలంటే న్యూజీలాండ్‌లో లైసెన్స్ ఉండాలి. ఆ దేశ పార్లమెంటు 2007లో ఇమిగ్రేషన్ సలహాదారుల లైసెన్సింగ్ చట్టం చేసింది. దేశం లోపల పనిచేసేవారికి 2009 మే 4 నుంచి, బయటి దేశాల్లో ఉండి పనిచేసేవారికి 2010 మే 4 నుంచి లైసెన్స్ తప్పనిసరి అయింది. అంతకుముందు ఎవరైనా బోర్డు పెట్టుకుని కూర్చోవచ్చు. డబ్బు తీసుకుని, తప్పుడు పత్రాలు జతచేసి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసినా ఆ వృత్తిని అదుపుచేసే ప్రత్యేక వ్యవస్థ లేదు. తిరస్కరణ మాత్రం దరఖాస్తుదారు పేరు మీదే నమోదవుతుంది. ఇతర దేశాలకు దరఖాస్తు చేసినప్పుడు కూడా ఆ విషయం చెప్పుకోవాల్సి వస్తుంది.

సలహా అంటే ఏమిటో ఈ చట్టం చాలా విశాలంగా నిర్వచించింది. ఇమిగ్రేషన్ గురించి తనకున్న పరిజ్ఞానంతో, అనుభవంతో మరొకరికి దారి చూపినా, సాయపడినా, వారి తరఫున మాట్లాడినా అది సలహాయే. డబ్బు తీసుకోలేదన్న సమాధానం చెల్లదు. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం చెప్పడం, పత్రాలు అనువదించిపెట్టడం, లైసెన్స్ ఉన్నవారి జాబితా చూపించడం మాత్రం దీని కిందికి రావు. లాయర్లకు, పార్లమెంటు సభ్యులకు, ప్రజలకు న్యాయసహాయం చేసే సామాజిక కేంద్రాల వారికి మినహాయింపు ఉంది. ఇంటివాళ్లకూ స్నేహితులకూ ఫీజు లేకుండా, అదే పనిగా కాకుండా చెప్పే మాటకూ అంతే. తెలిసి తెలిసి లైసెన్స్ లేకుండా సలహా ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు, లక్ష న్యూజీలాండ్ డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అయితే రోజువారీ వ్యవహారంలో అంతకన్నా గట్టిగా పనిచేసేది మరో నిబంధన: లైసెన్స్ గానీ మినహాయింపు గానీ లేని వ్యక్తి ఒకరి తరఫున పెట్టిన దరఖాస్తును ఇమిగ్రేషన్ శాఖ స్వీకరించదు.

లైసెన్స్ కావాలనుకునేవారు అందుకోసం ఏర్పరచిన డిప్లొమా చదవాలి. కొత్తవారు పూర్తి లైసెన్స్ ఉన్నవారి పర్యవేక్షణలో కొంతకాలం పనిచేయాలి. లైసెన్స్‌ను ఏటా పునరుద్ధరించుకోవాలి. ఎవరికి లైసెన్స్ ఉందో ఎవరైనా చూసుకునేలా, ఈ లైసెన్సులిచ్చే ప్రభుత్వ అథారిటీ ఒక రిజిస్టర్‌ను బహిరంగంగా ఉంచుతుంది.

క్లయింటుకు అసలు మేలు జరిగేది 2014 నాటి ప్రవర్తనా నియమావళి వల్ల. పని మొదలుపెట్టకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అందులో ఫీజు ఎంతో స్పష్టంగా ఉండాలి. క్లయింటు ముందుగా కట్టిన సొమ్మును విడి ఖాతాలో ఉంచాలి. అడిగిన వెంటనే పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి. పాస్‌పోర్టు ఏజెంటు బీరువాలో చిక్కుకుపోయి నెలల తరబడి తిరిగిన కుటుంబాలకు ఈ ఒక్క వాక్యం విలువ ఎంతో తెలుస్తుంది. వీటన్నిటికన్నా మెచ్చుకోదగినది ఇంకొకటి ఉంది. దరఖాస్తు నెగ్గే ఆశ దాదాపు లేదనిపిస్తే సలహాదారు ఆ మాట రాసి ఇవ్వాలి. అయినా ముందుకు వెళ్తానంటే క్లయింటు కూడా ఆ సంగతి తెలుసుకున్నానని రాసివ్వాలి. ఆశను అమ్ముకునే వ్యాపారంలో నిజం చెప్పడాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా మార్చిన నిబంధన ఇది.

నియమం తప్పినవారిపై క్లయింటు అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అది క్రమశిక్షణ ట్రైబ్యునల్‌కు చేరుతుంది. ట్రైబ్యునల్ లైసెన్స్ రద్దు చేయగలదు, రెండేళ్ల వరకు మళ్లీ దరఖాస్తు చేయకుండా ఆపగలదు, పదివేల డాలర్ల వరకు జరిమానా వేయగలదు, ఫీజు వాపసు ఇప్పించగలదు, నష్టపరిహారం చెల్లించమని కూడా ఆదేశించగలదు. పోయిన వీసాను మాత్రం తెప్పించలేదు. గడువు దాటిపోయి దేశం విడిచి వెళ్లాల్సి వచ్చిన మనిషికి గెలిచిన ఫిర్యాదు సగం ఊరటే.

చట్టానికి అన్నిటికన్నా పెద్ద పరీక్ష దేశ సరిహద్దు దగ్గర ఎదురవుతోంది. విదేశాల్లోని ఏజెంట్లే క్లయింట్లతో మాట్లాడి, దరఖాస్తు తయారుచేసి, చివరలో లైసెన్స్ ఉన్న ఒకరి పేరు తగిలించే పద్ధతి పుట్టుకొచ్చింది. రబ్బరు స్టాంపు వేసినట్టుగా సాగే ఈ పనిని ట్రైబ్యునల్ అనేక తీర్పుల్లో తప్పుపట్టింది. లైసెన్స్ లేని సిబ్బంది సమాచారం నమోదు చేయడం, కాగితాలు సర్దడం వంటి గుమాస్తా పనులే చేయాలి. క్లయింటుకు ఏ వీసా సరిపోతుందో చెప్పేది మాత్రం లైసెన్స్ ఉన్న మనిషే కావాలి.

మరో సందు చట్టంలోనే ఉంది. న్యూజీలాండ్ బయట ఉండి, స్టూడెంట్ వీసాల గురించి మాత్రమే సలహా ఇచ్చేవారికి లైసెన్స్ అక్కరలేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న కన్సల్టెన్సీ విద్యార్థి ఫైలును లైసెన్స్ లేకుండానే నడిపించవచ్చు. కానీ అదే కన్సల్టెన్సీ చదువు తర్వాతి వర్క్ వీసా గురించో, శాశ్వత నివాసం గురించో సలహా ఇస్తే గీత దాటినట్టే. ఈ మినహాయింపు ఎంత ఖరీదైనదో 2017 ఫిబ్రవరిలో బయటపడింది. దేశం విడిచి వెళ్లాలని ఆదేశాలు అందుకున్న కొందరు భారతీయ విద్యార్థులు ఆక్లాండ్‌లోని యూనిటేరియన్ చర్చిలో తలదాచుకున్నారు. నకిలీ పత్రాలు పెట్టింది తమ ఏజెంట్లేననీ, తమకు తెలియదనీ వారు చెప్పారు. సంతకం చేసిన దరఖాస్తుకు బాధ్యత దరఖాస్తుదారుదేనన్నది ప్రభుత్వ వాదన. ఆ ఏజెంట్లు న్యూజీలాండ్ లైసెన్స్ వ్యవస్థ పరిధిలోనే లేరు.

ఇక ఏజెంట్లపై భారతదేశంలో ఉన్న అదుపు చూస్తే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే రిక్రూటింగ్ ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. వారు వసూలు చేయదగిన సేవా రుసుముకు 30,000 రూపాయల గరిష్ఠ పరిమితి ఉంది, జీఎస్టీ దానికి అదనం. గల్ఫ్ దారి పట్టే నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల కార్మికులకు ఇది ఆధారం. విద్యార్థుల ఫైళ్లు చూసే కన్సల్టెన్సీలు ఆ చట్టం కిందికి రావు. పంజాబ్ రాష్ట్రం 2012లో తెచ్చిన సొంత చట్టంతో ట్రావెల్ ఏజెంట్లతో పాటు వీసా కన్సల్టెంట్లకూ లైసెన్స్ తప్పనిసరి చేసింది.