ఒకే కంప్యూటరులో రెండు చిట్టాలు

విండోస్‌తో నడచు ప్రతి కంప్యూటరునందును రిజిస్ట్రీ అను పెద్ద చిట్టా యొకటి కలదు. ఏ ప్రోగ్రాము ఎచ్చట నున్నది, దాని అమరికలేవి, ఏ పేరుతో ఏ డేటాబేసును తెరువవలెను మున్నగు సంగతులు అందు నమోదగుచుండును. ఆ చిట్టా ఒక్కటే యని మనము తలంతుము. 64 బిట్ల విండోస్‌లో అది పూర్తిగా నిజము కాదు.

32 బిట్ల చిరునామాతో ఒక ప్రోగ్రాము 4 గిగాబైట్లకు మించిన మెమొరీని అందుకొనజాలదు. ఆ హద్దును దాటుటకే 64 బిట్ల యంత్రములు వచ్చినవి. అయినను పాత ప్రోగ్రాములను ఒక్కనాడే పారవేయుట ఎవరికిని సాధ్యము కాదు గదా! అందుచే మైక్రోసాఫ్టు వారు వావ్64 అను మధ్యవర్తిని విండోస్‌లోనే అమర్చిరి. పాత ప్రోగ్రాము లోకల్ మెషీన్ శాఖలోని సాఫ్ట్‌వేర్ విభాగమును అడిగినచో, ఈ మధ్యవర్తి దానిని చప్పుడు చేయక వావ్6432నోడ్ అను ఉపవిభాగమునకు మళ్లించును. ప్రోగ్రామునకు ఆ సంగతియే తెలియదు. ఇట్లు చేయకున్నచో, ఒకే సాఫ్ట్‌వేరు యొక్క రెండు కూర్పులును ఒకే చోట వ్రాసికొని, ఒకదాని వ్రాతను మరియొకటి చెరిపివేయును.

మన సంచికనే చూడుడు. 'మొదటి పుట' యన్నచో తెలుగు చదువరి ఒక అట్టను, ఉర్దూ చదువరి దాని కెదుటి అట్టను తెరచును. పేరొకటే, పుటలు వేరు. నడుమనున్న ఛాయాచిత్రములు మాత్రము ఇరువురివి. రిజిస్ట్రీలోను అట్టి ఉమ్మడి భాగములు కలవు. కరెంట్ యూజర్ శాఖలోని సాఫ్ట్‌వేర్ విభాగము చాలవరకు ఉభయులకును ఒకటే. 2009లో వచ్చిన విండోస్ 7కు ముందు కొన్ని భాగములను రెండు వైపులకును నకలు చేయు పద్ధతి యుండెడిది. తరువాత దానిని మాని వాటిని ఉమ్మడి చేసిరి.

ఇది మనకెందుకన్నచో, కార్యాలయములలోని పాత మార్కుల ప్రోగ్రాములు పెక్కు 32 బిట్లవి. కొత్త కంప్యూటరుపై గుమాస్తా 64 బిట్ల ఓడీబీసీ పనిముట్టును తెరచి, యంత్రమంతటికిని వర్తించునట్లు డేటాబేసు పేరును శ్రద్ధగా నమోదు చేయును. ప్రోగ్రామేమో ఆ పేరే లేదనును. మార్కులన్నియు పోయినవని కంగారు పుట్టును. కొందరు డిస్కును తుడిచి విండోస్‌ను మరల ఎక్కింపజూతురు. అట్లు చేసినచో అంతవరకు భద్రముగా నున్న మార్కులు అప్పుడు నిజముగానే పోవును!

చేయవలసినది స్వల్పము. సిస్‌వావ్64 ఫోల్డరులోని ఓడీబీసీ పనిముట్టును తెరచి అదే పేరును అచ్చట నమోదు చేయవలెను. పేర్ల విషయమున మైక్రోసాఫ్టు వారు మనకు మేలు చేయలేదని చెప్పక తప్పదు. సిస్టమ్32 ఫోల్డరులో నుండునవి 64 బిట్లవి. పేరులో 64 గల సిస్‌వావ్64 ఫోల్డరులో నుండునవి 32 బిట్లవి. రెండింటిలోని పనిముట్టు ఫైలు పేరు కూడ ఒకటే. విండోస్ 8 నుండి పట్టికలో వాటిని 32, 64 అని విడిగా చూపుచున్నారు.

ప్రోగ్రాములు వ్రాయు మన విద్యార్థులు వావ్6432నోడ్ అను పేరును తమ వ్రాతలో నేరుగా వాడరాదు. ఏ వైపు చిట్టా కావలెనో తెలుపుటకు విండోస్ ప్రత్యేక సంకేతములను ఇచ్చినది. 64 బిట్ల వైపునకు ఒకటి, 32 బిట్ల వైపునకు వేరొకటి. రిజిస్ట్రీని తెరచునప్పుడే వాటిని జతచేయవలెను.