రిక్షా కార్మికుడు ఆవిష్కరించిన కవిత్వం

1965 మే 6వ తేదీ అర్ధరాత్రి పన్నెండు గంటలకు హైదరాబాదు వీధిలో ఒక కవితా సంపుటి విడుదలైంది. వేదిక లేదు, పూలదండలు లేవు, అధ్యక్షులవారి తొలిపలుకులు లేవు. పుస్తకాన్ని ఆవిష్కరించినవారు పాండు అనే రిక్షా కార్మికుడు. ఏడాదిన్నర తర్వాత, 1966 డిసెంబరు 8 అర్ధరాత్రి, విజయవాడలో రెండో సంపుటిని జంగాల చిట్టి అనే హోటలు క్లీనరు ఆవిష్కరించారు. 1968 సెప్టెంబరు 14 అర్ధరాత్రి విశాఖపట్నంలో మూడోదాన్ని బిచ్చమెత్తుకుని బతికే యశోద ఆవిష్కరించారు. ఈ మూడూ దిగంబర కవుల సంపుటాలు. ఆ కవులు ఆరుగురు. వారిలో నగ్నముని తెనాలిలో పుట్టినవారు. అర్ధరాత్రి ఆవిష్కరణలు, ఆ పేర్లు, ఆ భాష చూసి ఆనాటి పెద్దలు చాలామంది ‘వీళ్లకు పిచ్చెక్కింది’ అన్నారు. అరవై ఏళ్లు గడిచాక నిదానంగా చూస్తే అది పిచ్చి కాదనిపిస్తుంది. కవిత్వం ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నను సభల్లో అడిగితే ఎవరూ వినలేదు కాబట్టి, వాళ్లు దాన్ని వీధిలోకి తెచ్చి అడిగారు. ఆ ప్రశ్నకు నగ్నముని పన్నెండేళ్ల తర్వాత, ఉప్పెన ముంచేసిన మన తీరం సాక్షిగా, తన జవాబు తానే చెప్పుకున్నారు. ఈ రెంటినీ కలిపి చూడకపోతే ఆ కవి మనకు సగమే అర్థమవుతాడు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. నగ్నముని అసలు పేరు మానేపల్లి హృషీకేశవరావు. 1940 మే 15న పుట్టారు. దిగంబర కవి కాకముందే ‘ఉదయించని ఉదయాలు’ రాశారు. బతుకుదెరువుకు శాసనసభలో రిపోర్టరుగా ఉద్యోగం చేశారు. మిగతావారిలో యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యారు, రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యారు, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యారు, మన్మోహన్ సహాయ్ భైరవయ్య అయ్యారు, కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు మహాస్వప్న అయ్యారు. కలం పేర్లు మన కవులకు కొత్తకాదు. కానీ ఈ జాబితాను ఇంకోసారి చదవండి. వదిలేసిన పేర్లలో చాలావాటి తోక పట్టుకుంటే కులం తెలిసిపోతుంది. పెట్టుకున్న పేర్లలో అది ఎంత వెతికినా దొరకదు. మన ఊళ్లలో కొత్త మనిషి ఎదురైతే ముందు పేరు, ఆ వెంటనే ఇంటిపేరు అడిగేది దేనికో అందరికీ తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా ఉండడం వాళ్ల మొదటి పని అయింది. తమ కవితలను ‘దిక్’లు అన్నారు. తమదైన శకం, తమదైన సంవత్సరం, ఆశ, తపన, అశ్రువు, మదిర, విరహం, విషాదం అంటూ తమవే ఆరు ఋతువులు పెట్టుకున్నారు. పంచాంగాన్ని మార్చడం పైకి పిల్లచేష్టలాగే కనబడుతుంది. అయితే ముహూర్తం లేనిదే అడుగు తీసి అడుగు వేయని సమాజంలో ఆ ముహూర్తాన్ని పెట్టే అధికారం ఎవరిదో అడగడం చిన్న ప్రశ్న కాదు. మంచి ఘడియలు చూడకుండా అర్ధరాత్రిని ఎంచుకోవడం కూడా ఆ ప్రశ్నలో భాగమే.

ఇలాంటి ప్రశ్న తెనాలిలో పుట్టిన మనిషి నోట రావడం వింత కాదు. ఆంధ్రా ప్యారిస్ అని ఆ ఊరికి పేరు. నాటకాలు, పత్రికలు, వాదోపవాదాలు ఆ ఊరి ఊపిరి. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి అక్కడ సూతాశ్రమం కట్టుకుని పురాణాలను నిలదీశారు. శంబుకుణ్ణి నాయకుణ్ణి చేసి నాటకం రాశారు. పెళ్లి మంత్రాలు పెళ్లి చేసుకునేవాళ్లకు అర్థం కావాలని తెలుగులో వివాహవిధి రాసిచ్చారు. ఆలూరి బైరాగి ఆ పక్కనే ఐతానగర్‌లో పుట్టి, తెలుగులోనూ హిందీలోనూ రాసి, గుంపుకు దూరంగా ఒంటరిగా బతికారు. వీరిద్దరికంటే మన కథకు దగ్గరివాడు శారద. అసలు పేరు నటరాజన్. తమిళనాడు నుంచి చిన్నతనంలోనే తెనాలి వచ్చి, హోటళ్లలో పని చేస్తూ, తెలుగు నేర్చుకుని, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ వంటి నవలలు రాసి, 1955లో ముప్ఫై రెండేళ్లైనా నిండకుండానే కన్నుమూశారు. పగలు బల్లలు తుడిచిన చెయ్యే రాత్రి కలం పట్టింది. విజయవాడలో హోటలు క్లీనరు చేత పుస్తకం ఆవిష్కరింపజేయడం వట్టి ప్రదర్శన అనేవారు శారదను గుర్తు చేసుకోవాలి. హోటలు కార్మికుడికీ సాహిత్యానికీ ఉన్న చుట్టరికం దిగంబరులు కల్పించింది కాదు. అప్పటికే తెనాలి వీధుల్లో అది రుజువైంది. పెద్దల సభలే దాన్ని గుర్తించలేదు.

అయినా ప్రదర్శన అన్న ఆక్షేపణను తేలిగ్గా కొట్టిపారేయలేం. పేరు కోసమే ఇదంతా చేశారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. పత్రికల కళ్లు తమ మీద పడాలని వాళ్లు కోరుకున్న మాట నిజమే. కానీ పేరే కావాలనుకుంటే ఆ రోజుల్లో అంతకంటే సులువైన దారులు చాలా ఉన్నాయి. ఒక పెద్దాయన చేత ముందుమాట రాయించుకుని, ఒక మంత్రిగారి చేత పుస్తకం విడుదల చేయించుకుంటే సన్మానాలు వాటంతట అవే వస్తాయి. వీళ్లు ఎంచుకున్న దారిలో తిట్లే దక్కాయి. పైగా ప్రదర్శన అన్నది వాళ్లతో మొదలైంది కాదు. వేదిక మీద ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, ఎవరికి ముందు దండ వేయాలి, ఎవరు చివర మాట్లాడాలి అన్న మర్యాదలన్నీ ప్రదర్శనే. తరతరాలుగా చూసి అలవాటు పడ్డాం గనుక అది మనకు ప్రదర్శనలా తోచదు. పాండు చేతిలో పుస్తకం పెట్టగానే మాత్రం తోచింది. ఆవిష్కరణ అనే తంతులో అంతకాలం దాగి ఉన్న అంతస్తుల లెక్క ఆ ఒక్క మార్పుతో బయటపడింది. అర్ధరాత్రి సభ సాధించింది అదే.

రెండో ఆక్షేపణ, ఇది అరువు తెచ్చుకున్న తిరుగుబాటు అన్నది. అమెరికాలో బీట్ కవులు, ఇంగ్లండులో ఆగ్రహ యువకులు, బెంగాల్లో ‘హంగ్రీ’ కవులు అప్పటికే ఉన్నారు. బీట్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ 1962, 63 సంవత్సరాల్లో మన దేశంలో తిరిగి వెళ్లారు. కలకత్తాలో ‘హంగ్రీ’ కవి మలయ్ రాయ్‌చౌధురి మీద అశ్లీలమంటూ కేసు పెట్టారు. ఆ గాలి ఇటు సోకలేదనడం కుదరదు. కానీ విత్తనం ఎక్కడిదైనా మొలవాలంటే నేలలో తడి ఉండాలి. ఆ తడి వేమనది. బట్ట కట్టని యోగిగా వేమన బొమ్మను మనం బడి పుస్తకాల్లోనే చూశాం. ఆయన పద్యాలను బతికించింది ఆస్థానాలు కాదు, జనం నోళ్లు. సి.పి. బ్రౌన్ 1829లో వాటిని అచ్చువేసేదాకా పండితులు పెద్దగా పట్టించుకోలేదు. వీధికవిని నెత్తిన పెట్టుకోవడానికి కాలం తీసుకునేది మన సమాజం ఒక్కటే కాదు. ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో మైకేల్ మొరాన్ అనే అంధకవి ఉండేవాడు. పేదల వాడలో పుట్టి, పొడవాటి కోటు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, వీధి మలుపుల్లో కథాగేయాలు వినిపించి చిల్లర నాణేలతో బతికాడు. తాను చెప్పే ఒక పుణ్యకథలోని పాత్ర పేరుతో జనం అతన్ని జోజిమస్ అన్నారు. 1846లో పోయాడు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత మహాకవి డబ్ల్యూ.బి. యేట్స్ తన పుస్తకంలో అతని మీద ఒక అధ్యాయం రాశారు. వేమనకూ జోజిమస్‌కూ వీధే ఇల్లు. దిగంబరులు మాత్రం చదువుకుని, ఉద్యోగాల్లో కుదురుకుని, కావాలని వీధికి వచ్చినవారు. ఈ తేడా మరిచిపోకూడదు. మూడో ఆక్షేపణ పుట్టేది ఇక్కడే.

వాళ్లు వీధిలోకి వచ్చారు సరే, ఆ వీధి వాళ్లను చదివిందా? 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 21 శాతం. రిక్షా తొక్కే మనిషికి, బిచ్చమెత్తే తల్లికి ఆ వచన కవిత్వం చదివే వీలే లేదు. ఆ పుస్తకాలను చదివింది, కోపగించుకుంది, మెచ్చుకుంది చదువుకున్న మధ్యతరగతే. ఇది కాదనలేని నిజం. దీనికి తోడు వాళ్ల భాష మీద ఉన్న ఫిర్యాదు కూడా గట్టిదే. కుళ్లును చూపడానికి బూతును వాడారు. అది చాలాచోట్ల ఆడవాళ్ల శరీరం మీదుగా నడిచింది. సమాజాన్ని తిట్టడానికి కూడా స్త్రీనే తిట్టుగా వాడడం ఆ సమాజపు అలవాటే. అన్నీ విప్పేస్తామన్నవాళ్లు ఆ ఒక్క అలవాటును ఒంటి మీద ఉంచుకున్నారు. తర్వాతి కాలంలో స్త్రీవాదులు తెచ్చిన చూపుతో చదివితే ఆ పేజీలు మరింత బాధ పెడతాయి. ఆ లోపాన్ని యుగధర్మమని సమర్థించడం న్యాయం కాదు. లోపం ఉందని ఒప్పుకుంటూనే ఒక మాట అడగాలి. తమ కవిత్వం వీధికి చేరలేదని ఆ కవులు ఆ తర్వాతైనా గ్రహించారా? మూడు సంపుటాలతో దిగంబర కవిత్వం ఆగిపోవడమే దానికి జవాబు. 1970 జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ఆరుగురిలో నలుగురు, నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, అందులో చేరారు. చెరబండరాజు పాట కట్టారు. అక్షరం రానివాళ్లకు కూడా పాట చెవినపడుతుంది. దుస్తులు విప్పి నిలబడడం ఆరంభమే తప్ప గమ్యం కాదని వాళ్లకే తెలిసివచ్చింది.

నగ్నముని దారి మరోలా సాగింది. అది మన తీరానికి వచ్చింది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, దాని వెంట విరుచుకుపడ్డ ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టాయి. కృష్ణానదికి పడమటి ఒడ్డున రేపల్లె తాలూకాలో, నిజాంపట్నం వైపు, బాపట్ల తీరం పొడవునా ఇళ్లు, పశువులు, పైరు, మనుషులు నీటిపాలయ్యారు. సర్కారు లెక్కల్లోనే మృతులు పదివేలు. లెక్కకు రానివారు ఇంకెందరో. సముద్రం గోడలా లేచి ఊళ్ల మీద పడిందని ఆ తీరంలో నేటికీ చెప్పుకుంటారు. వాయుగుండం ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెప్పగలిగితే, చెప్పింది పల్లెదాకా చేరితే, చేరినప్పుడు తలదాచుకోవడానికి ఒక ఎత్తైన పక్కా కట్టడం ఉంటే, అంతమంది పోయేవారు కాదు. ఉప్పెన ప్రకృతిది. చావుల సంఖ్యలో మాత్రం మనుషుల వాటా ఉంది. నగ్నముని ‘కొయ్యగుర్రం’ అనే దీర్ఘకవిత రాసింది ఈ విషాదం మీదే. శోకంతో ఆగిపోకుండా పాలనా వ్యవస్థను కదలని కొయ్యగుర్రంగా చూపించారు. ఆకారం గుర్రానిదే, జీను ఉంటుంది, కళ్లెం ఉంటుంది, కానీ ఆపద వేళ అది అడుగు వెయ్యదు. శాసనసభలో పాలకుల మాటలను అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం వృత్తిగా ఉన్న మనిషి ఈ పోలిక ఎంచుకోవడం యాదృచ్ఛికం అనిపించదు. మాటకూ చేతకూ మధ్య దూరం ఎంతో ఆయనకు తెలిసినంతగా ఎందరికి తెలుసు?

దిగంబర సంపుటాలనూ ‘కొయ్యగుర్రాన్నీ’ పక్కపక్కన పెడితే ఆ కవి నడిచిన దారి కనబడుతుంది. మొదట తన పేరును, తన మర్యాదను, తన భాషను విప్పేసుకున్నారు. అప్పుడు కోపం అన్ని వైపులకూ చిమ్మింది, గురి తక్కువ. ‘కొయ్యగుర్రం’లో కోపానికి ఒక గురి దొరికింది. విప్పి చూపవలసింది కవి శరీరాన్ని కాదు, వ్యవస్థ తొడుక్కున్న దయ అనే దుస్తును అని తేలింది. 1965లో పాండు చేతికి పుస్తకం ఇవ్వడం ఒక సంకేతం. 1977 తర్వాత ఉప్పెనలో పోయిన పేదల పక్షాన నిలబడి అడగడం ఆ సంకేతానికి చెల్లించిన బాకీ. మొదటిది లేకపోతే రెండోది ఉండేది కాదనే నా వాదన. పండిత సభ మెప్పును ఒకసారి వదులుకున్న కవే ప్రభుత్వ మెప్పును కూడా వదులుకోగలడు. నష్టపరిహారం ప్రకటనలకు తృప్తిపడని గొంతు అలవాటుగా చప్పట్లు అందుకునే గొంతు కాలేదు. అందుకే ఆ తొలిరోజుల వింతను తీసేసి ‘కొయ్యగుర్రాన్ని’ మాత్రమే మెచ్చుకోవడం తగదు. అది వేళ్లను నరికి చెట్టును మెచ్చుకోవడమే.

ఇప్పుడు తీరమంతటా తుపాను షెల్టర్లు ఉన్నాయి, హెచ్చరికలు సెల్‌ఫోన్లకే వస్తున్నాయి. 1977 నాటికీ నేటికీ ఎంతో మార్పు. అది ఊరికే రాలేదు. పదివేల ప్రాణాలు పోయాక, ‘ఎందుకు పోయాయి’ అని ఆగకుండా అడిగినవాళ్లు ఉండబట్టి వచ్చింది. అలా అడిగినవాళ్లలో ఒక కవి కూడా ఉన్నాడని రేపల్లె, బాపట్ల పిల్లలకు తెలియాలి. ఆ కవి తమ పొరుగున తెనాలిలో పుట్టాడని కూడా తెలియాలి. నవంబరు 19న ఉప్పెన మృతులను తలుచుకునేటప్పుడు నిజాంపట్నం రేవులోనో రేపల్లె బజారులోనో ‘కొయ్యగుర్రం’ పైకి చదివితే బాగుంటుంది. 1961లో నూటికి ఎనభైమందికి అందని అక్షరం ఇవాళ ఆ బజారులో చాలామందికి అందుతుంది. ఆనాడు పుస్తకాన్ని పట్టుకున్న చేతికి బహుశా చదవడం రాదు. ఈనాడు వలలు అల్లే మనిషి కూతురు అదే పుస్తకాన్ని తండ్రికి చదివి వినిపించగలదు. దిగంబర కవులు అర్ధరాత్రి వీధిలో మొదలుపెట్టిన ఆవిష్కరణ అప్పటికి గాని పూర్తికాదు.