ఆఱు ఋతువుల ఆరామము: ఖాట్మండు కైసర్ మహల్ ఉద్యానము

మహాకావ్యమున నుండవలసిన వర్ణనములను చెప్పుచు దండి కావ్యాదర్శమున ఋతువులను, ఉద్యానవిహారమును వేఱువేఱుగా పేర్కొనెను. ఆంధ్ర ప్రబంధకవులును అష్టాదశవర్ణనములలో ఈ రెంటిని పాటించిరి. కావ్యమున వేఱుగా నుండు ఈ రెండు వస్తువులను ఒకే స్థలమున కలిపి కట్టించిన గృహారామ మొకటి నేపాల రాజధానియగు ఖాట్మండులో గలదు. కైసర్ మహల్ అను నివాసభవనమునకు అనుబంధముగా 1920లో వెలసిన ఆ తోటకు ‘ఆఱు ఋతువుల తోట’ యని పేరు. నేడది ‘స్వప్న బగైంచా’, అనగా స్వప్నోద్యానము, అను పేర ప్రసిద్ధి చెందియున్నది. అందలి ఆఱు ఋతుమండపములలో ఇప్పుడు మూడు మాత్రమే మిగిలియున్నవి. తక్కిన మూడు ఎట్లు పోయినవో విచారించుట గృహారామముల స్వభావమునే విచారించుట యగును.

నేపాలమును 1846 మొదలు 1951 వఱకు రాణా వంశీయులు వంశపారంపర్య ప్రధానమంత్రులుగా పాలించిరి. వారిలో చంద్ర శంషేర్ 1901 నుండి 1929 వఱకు అధికారమున నుండెను. ఆయన కుమారుడగు కైసర్ శంషేర్ (1892–1964) ఈ తోటను నిర్మింపజేసెను. తండ్రితో గవ్వలాడి గెలిచిన ధనమును దీనికి వెచ్చించెనని జనశ్రుతి. తోటకు రూపకల్పన చేసిన కిశోర్ నర్సింహ్ రాణా, ఖాట్మండులోని సింహదర్బారు నిర్మాణమునందును పాలుగొన్న వాస్తుశిల్పి. ఐరోపా రీతులపై రాణాలకు గల మక్కువ వారి సౌధములయందు స్పష్టముగా కానవచ్చును. ఈ తోటయు ఆ మక్కువకు ఫలమే.

ఏడవ ఎడ్వర్డు కాలమున ఇంగ్లండులో ప్రబలిన ఉద్యానరీతి ఇందు అనుసరింపబడినది. కట్టడములను కొలతకు తీర్చి, వాని నడుమ మొక్కలను కొంత స్వేచ్ఛగా పెరుగనిచ్చుట ఆ రీతికి లక్షణము. ఇచట నేలమట్టమునకు దిగువగా పూలతోట గలదు. దాని నడుమ కొలను గలదు. చుట్టును ఱాళ్లు పఱచిన నడవలు, తీగెపందిళ్లు, మెట్లవరుసలతో కూడిన రంగస్థలము, పూలకుండీలు, పిట్టగూళ్లు అమర్పబడినవి. నడుమ భాగము పల్లముగా నుండుటచే అంచున నడచువానికి తోట యంతయు ఒక్క చూపున గోచరించును. ఎత్తైన ప్రాకారము వీథిని మఱుగుపఱచును. ఇట్లు స్వల్పస్థలమే విశాలమైనట్లు తోచును.

అయినను ఈ తోటకు విశిష్టత కలిగించునది ఐరోపా రీతి కాదు, మండపముల పేళ్లు. స్తంభములు, తోరణములు పాశ్చాత్యవాస్తువునకు చెందినవి కాగా, వసంతము, గ్రీష్మము, వర్ష, శరత్తు, హేమంతము, శిశిరము అను నామములు భారతీయ కావ్యసంప్రదాయమునకు చెందినవి. ఇంగ్లండులో వత్సరమునకు నాలుగు ఋతువులే. అచటి రీతిని తెచ్చుకొన్న యజమాని అచటి కాలవిభాగమును మాత్రము తెచ్చుకొనలేదు.

కావ్యమున ఋతువులు ఒకదాని వెంట నొకటి వచ్చును. కాళిదాసుని ఋతుసంహారము గ్రీష్మముతో మొదలై వసంతముతో ముగియును. ఆముక్తమాల్యదయందు కృష్ణదేవరాయలు గ్రీష్మవర్షర్తువులను వర్ణించునపుడును పాఠకుడు ఒక ఋతువును దాటియే మఱియొకదానిని చేరును. కైసర్ మహల్ తోటయందు ఆ క్రమము లేదు. ఆఱు ఋతువులును ఒకే సమయమున, ఒకే ప్రాకారములో నుండెను. బయట వర్షము కురియుచున్నను వసంతమండపమున కూర్చుండవచ్చును. కావ్యము కాలముచే సాధించినదానిని ఇచట స్థలము సాధించెను.

1964లో కైసర్ శంషేర్ మరణించిన పిమ్మట భవనమును, తోటయు, ఆయన సేకరించిన గ్రంథసంపదయు నేపాల ప్రభుత్వమునకు సంక్రమించెను. గ్రంథములు కైసర్ గ్రంథాలయముగా పాఠకులకు అందుబాటులోనికి వచ్చెను. తోటకు ఆ భాగ్యము కలుగలేదు. దశాబ్దముల కొలది పోషణ లేక అది పాడుపడెను. సుమారు సగము భూమి చేజాఱి, అందు వాణిజ్యభవనములు లేచెను. మూడు ఋతుమండపములు కూలద్రోయబడెను.

2000లో ఆస్ట్రియా ప్రభుత్వ సహాయముతో జీర్ణోద్ధరణ మారంభమై 2007 నాటికి ముగిసెను. పాటన్ పురావస్తుశాలను తీర్చిదిద్దిన ఆస్ట్రియా వాస్తుశిల్పి గోట్జ్ హాగ్ముల్లర్ దీనికి నేతృత్వము వహించెను. మిగిలిన సుమారు 6,900 చదరపు మీటర్ల తోట, మూడు మండపములతో మరల పచ్చబడినది. నాడు ఒక కుటుంబమునకే పరిమితమైన ఆ స్థలమున నేడు రుసుము చెల్లించి ఎవ్వరైనను ప్రవేశింపవచ్చును.

ఒకే యజమానినుండి ఒకే ప్రభుత్వమునకు చేరిన గ్రంథములును తోటయు భిన్నగతులు పొందుటకు కారణము వాని స్వభావమునందే యున్నది. గ్రంథమును కొన్నియేండ్లు తెఱవకున్నను అక్షరము నిలిచియుండవచ్చును. తోట యట్లు కాదు. ఒక్క వర్షకాలము కత్తెర పట్టకున్న దారి కనబడదు, ఒక్క వేసవి నీరు పోయకున్న మొక్క మిగులదు. గృహారామమునకు యజమాని ధనమెంత యవసరమో తోటమాలి నిత్యశ్రమయు నంత యవసరము. యజమాని గతించినపుడు స్థలము వారసులకు చెందును గాని ఆ శ్రమ తనంతట తాను సంక్రమింపదు. నగరములలో స్థలము విలువ పెరిగినకొలది శ్రమ లేని తోట ఖాళీ నేలగా కనబడుచుండును. ఖాట్మండులో మూడు ఋతువులు లోపించినది ఇట్లే. తక్కిన మూడు నిలిచినది తోటపనిని మరల దినచర్యగా స్వీకరించుటవలననే.