పోవలసింది మురికి, బంగారం కాదు!

మెరుగు పేరిట పల్లెల్లో మోసాలు - దుకాణాల్లో కొత్త యంత్రం - ఏది నమ్మాలి?

బోధన్: మొదట ఇత్తడి చెంబు అడుగుతారు. పైసా తీసుకోకుండా తళతళలాడించి చేతికిస్తారు. తర్వాత వెండి పట్టీలు. అవీ తెల్లగా వస్తాయి. చూడడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరతారు. అప్పుడు మెల్లగా పుస్తెలతాడు అడుగుతారు. పసుపు కలిపిన నీళ్ల గిన్నెలో వేసి, కాసేపటికి తీసి ఇస్తారు. గొలుసు మెరుస్తూనే ఉంటుంది. వచ్చినవారు ఊరు దాటాక అనుమానం వచ్చి తూకం వేయిస్తే గ్రాములకు గ్రాములు తరుగు!

ఇంటింటికీ తిరిగి నగలకు మెరుగు పెడతామనే ఈ మోసం తెలుగు పల్లెలకు కొత్త కాదు. పోలీసులు ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉన్నారు. అయినా మోసపోయేవారు మోసపోతూనే ఉన్నారు. దీనితో మరో చిక్కు వచ్చింది. పట్టణాల్లోని నగల దుకాణాల్లో ఇప్పుడు నగలను శుభ్రం చేయడానికి అల్ట్రాసోనిక్ యంత్రం వాడుతున్నారు. గొలుసును నీళ్ల తొట్టిలో వేయగానే నల్లటి మురికి పొగలా లేచి నీళ్లలో కలుస్తుంది. అది చూసినవారికి ‘బంగారమే కరిగిపోతున్నదేమో’ అని గుండె గుభేలుమంటుంది. దొంగను నమ్మి గొలుసు ఇచ్చిన ఊళ్లోనే యంత్రాన్ని చూసి భయపడడం జరుగుతోంది.

ఒకే మాట, మూడు పనులు

ఈ గందరగోళానికి కారణం ‘మెరుగు’ అనే మాట. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి.

ఒకటి, కడగడం. చెమట, నూనె, సబ్బు జిడ్డు, పసుపు, దుమ్ము పోతాయి. బంగారం పోదు. రెండు, రాపిడి. తిరిగే చక్రానికి నగను ఆనించి నునుపు చేస్తారు. గీతలు పోయి నగ కొత్తదానిలా వస్తుంది. కానీ గీత పోయిందంటే దాని చుట్టూ ఉన్న బంగారం కొంచెం అరిగినట్లే. అందుకే అవుసలివారు ఆ చక్రం దగ్గర రాలిన ధూళిని కూడా పారేయరు, దాచి బంగారం తీసుకుంటారు. మూడు, ఆమ్లం. ఇది మురికితోపాటు బంగారాన్నీ తింటుంది. ఇంటి ముందుకు వచ్చి మోసం చేసేవారి గిన్నెలో ఉండేది ఇదే.

నగ ఇచ్చేటప్పుడు ఈ మూడింటిలో ఏది చేస్తున్నారని అడిగితే సగం మోసం అక్కడే ఆగిపోతుంది.

కష్టకాలంలో ఆదుకునేది ఇదే

ఈ ప్రాంతంలో బంగారం ఒంటి మీద అలంకారం మాత్రమే కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు పొలాలకు వచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడింది. చుట్టుపక్కల ఊళ్లలో చెరకు బిల్లు చేతికి వస్తే ఎరువుల బాకీ తీరగా మిగిలింది ఇంటి ఆడవారి మెడలోకి చేరేది. ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు పొలాలు చాలావరకు వరికి, సోయాకు మారాయి. చెరకు బిల్లు పోయినా అప్పట్లో దాని మీద కొన్న బంగారం ఇంట్లో ఉంది. నాట్లకు, పిల్లల ఫీజులకు, ఆసుపత్రి ఖర్చుకు కుదువ పెట్టేది దానినే. కుదువ దుకాణంలో చూసేది మెరుపు కాదు, తూకం, మచ్చు. అందుకే రెండు గ్రాముల తరుగు కూడా ఇంటికి పెద్ద దెబ్బే.

యంత్రం ఏం చేస్తుంది?

అల్ట్రాసోనిక్ యంత్రం చూడడానికి చిన్న ఉక్కు తొట్టి. దాని అడుగున బయటివైపు పింగాణీ లాంటి పదార్థంతో చేసిన బిళ్లలు అతికించి ఉంటాయి. కరెంటు ఇవ్వగానే అవి సెకనుకు సుమారు 40 వేల సార్లు అదురుతాయి. మనిషి చెవికి వినిపించేది సెకనుకు 20 వేల అదురుల వరకే. అందుకే దాని అసలు శబ్దం మనకు వినపడదు. సన్నని గీ మనే రొద మాత్రం వస్తుంది. ఇలా కరెంటుతో అదిరే గుణం వెనుక ఉన్న సూత్రాన్ని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సముద్రం అడుగున దాగిన జలాంతర్గాములను పసిగట్టడానికి అక్కడి శాస్త్రజ్ఞుడు లాంజివిన్ దానిని వాడారు.

తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి రెండు మూడు చుక్కల సబ్బు ద్రవం కలుపుతారు. అదురుకు నీళ్లలో కంటికి కనపడనంత చిన్న బుడగలు లక్షల్లో పుడతాయి, వెంటనే పగులుతాయి. పగిలిన ప్రతి బుడగా పక్కనున్న మురికిని ఒక చిన్న దెబ్బ కొడుతుంది. బ్రష్షు వెంట్రుక దూరని చోటికి కూడా నీళ్లు దూరుతాయి గనుక గొలుసు కొక్కేల మధ్య, రాయి వెనుక గుంటలో ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఊడి వస్తుంది. నీళ్లలో పొగలా కనిపించేది ఆ జిడ్డే. సబ్బు నీళ్లకు బంగారం కరగదు.

కడిగిన తర్వాత తూకంలో స్వల్పంగా తేడా రావచ్చు. అది పోయిన మురికి బరువు. మరొక సంగతి కూడా ఉంది. పాత గొలుసులో కొక్కెం అరిగి సన్నబడి ఉంటే మురికి దానిని కప్పి ఉంచుతుంది. కడిగాక పగులు బయటపడుతుంది. యంత్రం గొలుసు తెంపిందని తగవు పడడం కన్నా, మెడలోంచి జారిపోకముందే తెలిసిందని సంతోషించి అతుకు వేయించుకోవడం మేలు.

అన్ని నగలూ వేయకూడదు

యంత్రం బంగారాన్ని తినదు గానీ, అన్ని నగలకూ పనికిరాదు. ముత్యం, పగడం మెత్తనివి, వాటి పైపొర దెబ్బతింటుంది. పచ్చలకు లోపలి పగుళ్లు కనపడకుండా నూనె పట్టించి ఉంటారు. ఆ నూనె పోతే పచ్చ వెలవెలబోతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. నవరత్నాల ఉంగరంలో ఈ మూడూ ఉంటాయి కాబట్టి దానిని తొట్టిలో వేయనే కూడదు. కుందన్ నగల్లో రాయి కింద పెట్టిన మెరుపు రేకులోకి నీరు చేరితే రాయి మసకబారుతుంది. జిగురుతో అతికించిన రాళ్లు, కదులుతున్న రాళ్లు ఊడిపోవచ్చు.

మన ప్రాంతం వారు ముఖ్యంగా గమనించాల్సింది పుస్తెలు, గుండ్ల సంగతి. వీటిలో కొన్నింటిని పల్చని రేకుతో చేసి లోపల లక్క నింపుతారు. వేడి నీళ్లకు లక్క మెత్తబడుతుంది, అదురుకు కదులుతుంది. నగ లోపల లక్క ఉందా లేదా అన్నది చేసిన అవుసలికి తెలుస్తుంది. తెలియకపోతే తొట్టిలో వేయకపోవడమే మంచిది. దారానికి గుచ్చిన నల్లపూసలను కూడా దారం తీశాకే కడగాలి.

ఇంట్లో కుంకుడు రసం చాలు

నెలకోసారి కడుక్కోవడానికి యంత్రం అక్కరలేదు. కుంకుడుకాయలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసికి, వడగట్టిన రసంలో రాళ్లు లేని నగను పావుగంట ఉంచి, మెత్తటి బ్రష్షుతో మెల్లగా రుద్ది, మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడిస్తే చాలు. కుంకుడు నురగకు జిడ్డు వదిలించే గుణముంది. కింద పళ్లెం పెట్టుకుని కడగాలి. మోరీ దగ్గర కూర్చుంటే ఊడిన రాయి మళ్లీ దొరకదు. ఇటుక పొడి, బూడిద, పళ్లపొడి వాడవద్దు. అవి బంగారాన్ని గీకుతాయి. గుడ్డలు తెల్లబరిచే బ్లీచింగ్ నీళ్లు కూడా నగకు తగలనీయవద్దు.

కరిగిన బంగారం ఎక్కడికీ పోదు

మళ్లీ మోసగాళ్ల గిన్నె దగ్గరకు వస్తే, అందులో జరిగేది గారడీ కాదు. నత్రికామ్లం ఒక్కటే బంగారాన్ని కరిగించలేదు. హైడ్రోక్లోరికామ్లం ఒక్కటీ కరిగించలేదు. ఒక పాలు మొదటిదీ మూడు పాళ్లు రెండవదీ కలిపితే మాత్రం బంగారం కరుగుతుంది. దీనిని ద్రవరాజం అంటారు. పసుపు కలపడం ఆ రంగు కనపడకుండా ఉండేందుకే.

కరిగిన బంగారం నశించదు, ఆ నీళ్లలోనే ఉంటుంది. 1940లో జర్మన్ సైన్యం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి ప్రయోగశాలలో ఇద్దరు శాస్త్రజ్ఞుల నోబెల్ బంగారు పతకాలున్నాయి. అవి సైనికుల చేత పడకుండా హెవెషీ అనే శాస్త్రజ్ఞుడు ద్రవరాజంలో కరిగించి సీసాలో పోసి అలమరాలో పెట్టారు. సైనికులు దానిని పట్టించుకోలేదు. యుద్ధం ముగిశాక ఆ ద్రవం నుంచి బంగారం తిరిగి తీశారు, దానితో పతకాలు మళ్లీ పోత పోశారు. ఆయన ఇతరుల సొత్తు కాపాడడానికి చేసిన పనినే ఇక్కడ ఇతరుల సొత్తు కాజేయడానికి చేస్తున్నారు. గిన్నెలోని నీళ్లను జాగ్రత్తగా డబ్బాలో పోసుకుని వెళ్లేది అందుకే.

కనుక మోసం జరిగిందని అనుమానం వస్తే ఆ నీళ్లు పారబోయకూడదు, తీసుకుపోనివ్వకూడదు. వాటిలో చేయి పెట్టవద్దు, కాలుతుంది. నలుగురినీ పిలిచి 112కు ఫోను చేయాలి.

దుకాణంలో ఇచ్చేవారు కూడా కొన్ని జాగ్రత్తలు పాటించాలి. కడగకముందు ఒకసారి, ఆరిన తర్వాత ఒకసారి, రెండుసార్లూ మీ కళ్లెదుటే ఒకే కాంటా మీద తూకం వేయించండి. నగను లోపలి గదిలోకి పంపవద్దు. రాళ్లెన్నో లెక్కపెట్టి చీటీ మీద రాయించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తు తప్పనిసరి అయింది. దానిని ముందే రాసిపెట్టుకుంటే, ఇచ్చిన నగే తిరిగి వచ్చిందో లేదో భూతద్దంతో సరిచూసుకోవచ్చు. ఆ గుర్తు సరైనదేనా అన్నది బీఐఎస్ కేర్ అనే ఫోను యాప్‌లో తెలుస్తుంది. పాత నగలకు ఆ గుర్తు ఉండదు. వాటికి తూకమే సాక్ష్యం.

ఇక ఇంటి ముందుకు వచ్చి చెంబు ఉచితంగా తోమిపెడతామనేవారికి చెంబు కూడా ఇవ్వకపోవడమే మంచిది.