అపరాధ పరిశోధక నవల - యుద్ధకాల చరిత్ర

తెలుగున 'పరిశోధన' యను పదము రెండర్థములలో వాడుకయందున్నది. శాసనమును చదివి కాలనిర్ణయము చేయు పండితుని పని పరిశోధన. హంతకుని జాడ తీయు పోలీసు ఉద్యోగి పనియు పరిశోధనయే. ఈ రెండు పనులకు ఒకే పేరు కలుగుట యాదృచ్ఛికము కావచ్చును. కాని వర్తమానమున జరిగిన హత్యకు కారణమును యుద్ధకాలపు చరిత్రలో వెదకు నవలలను గ్రహించుటకు మన భాషలోని ఈ ఏకత్వము మిక్కిలి అనుకూలముగానున్నది. అట్టి నవలలలో అపరాధ పరిశోధకుడు కొంతవరకైనను చరిత్ర పరిశోధకుడు కాక తప్పదు. ఒక్కొక్కచోట చరిత్ర పరిశోధకుడే హతుడగుచున్నాడు. ఇందులకు మేలైన ఉదాహరణము దిదియే దెనాంక్స్ 1984లో ప్రకటించిన ఫ్రెంచి నవల 'మర్త్ర్ పూర్ మెమ్వార్'. ఈ వ్యాసమున ప్రధానముగా దానినే పరిశీలింతును. నవలలోని రహస్యమును దాచి విమర్శ వ్రాయుట సాధ్యము కాదు గనుక, కథను ముందుగా తెలిసికొన నొల్లనివారు నవలను చదివిన పిమ్మటనే ఈ పుటలను చూచుట మేలు.

డిటెక్టివు నవల యనగానే మన విద్వాంసులలో కొందరు పెదవి విరుచుట కలదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని సాహసములను పాఠ్యపుస్తకముల చాటున చదివినవారే పెద్దవారైన పిమ్మట ఆ నవలలను సాహిత్యచర్చకు రానీయకపోవుట వింత. ఈ ప్రక్రియయొక్క నిర్మాణమును శాస్త్రీయముగా విచారించినవారు లేకపోలేదు. త్స్వెతాన్ తొదొరోవ్ 1966లో వెలువరించిన వ్యాసమున ప్రతి అపరాధ పరిశోధక నవలయందును రెండు కథలుండునని చూపెను. మొదటిది నేరము జరిగిన కథ. అది గ్రంథారంభమునకు ముందే ముగిసినది. రెండవది ఆ నేరమును కనుగొను కథ. మనము చదువునది దీనినే. మొదటి కథ కంటికి కానరాదు, రెండవ కథవలన మాత్రమే తెలియవచ్చును. ఆలోచించి చూచినచో చరిత్రరచనయొక్క స్థితియు ఇదియే.

అయినను సాధారణమైన డిటెక్టివు నవలయందు ఈ రెండు కథలకు నడుమనుండు కాలము స్వల్పము. హతుని గడియారము ఏ నిమిషమున నిలిచినది, రైలు ఏ వేళకు వచ్చినది, వంటమనిషి ఎప్పుడు తలుపు తీసినది, ఇట్టివే అచ్చటి ప్రశ్నలు. యుద్ధచరిత్రతో ముడిపడిన నవలలో ఆ వ్యవధి ఇరువది, ముప్పది, అరువది ఏండ్లకు పెరుగుచున్నది. ఆ వ్యవధిలో నేరస్థుడు వృద్ధుడగును. అంతకంటె ముఖ్యముగా, గౌరవనీయుడగును. అతడు రెండవ హత్యను ధనమునకై చేయడు, తాను సంపాదించుకొనిన పదవిని, పేరును కాపాడుకొనుటకు చేయును. అతని భయమంతయు కాగితములను గూర్చినది.

దెనాంక్స్ నవల 1961 అక్టోబరు 17వ తేదీ రాత్రి పారిసు నగరమున ఆరంభమగుచున్నది. ఆనాటి చరిత్రను కొంత చెప్పనిదే నవల అర్థము కాదు. అల్జీరియా స్వాతంత్ర్యయుద్ధము అప్పుడు చివరిదశయందుండెను. పారిసు పోలీసు శాఖకు ముఖ్యాధికారి, అనగా ప్రీఫెక్టు, మోరిస్ పపోన్. అతడు అక్టోబరు 5వ తేదీన ఒక ప్రకటన గావించి, అల్జీరియనులు రాత్రి ఎనిమిదిన్నర మొదలు తెల్లవారుజామున ఐదున్నర వరకు వీథులలో సంచరింపరాదని శాసించెను. దానికి నిరసనగా అల్జీరియా జాతీయ విముక్తి సంఘము పిలుపుపై వేలకొలది జనులు, స్త్రీలు పిల్లలతో సహా, ఆయుధములు లేకుండ నగరమధ్యమునకు నడచివచ్చిరి. పోలీసులు వారిని కొట్టిరి, కాల్చిరి, కొందరిని సెన్ నదిలోనికి త్రోసిరి. నిర్బంధింపబడినవారు పదునొకండు వేలకు పైబడిరి. ప్రభుత్వము మొదట ఒప్పుకొనిన మరణములు రెండో మూడో. చరిత్రకారుల గణనలు వందకు పైబడి రెండువందల వరకు పోవుచున్నవి. ఆ సంఘటనపై అదే యేట పోలెత్ పెజూ వ్రాసిన పుస్తకమును పోలీసులు జప్తు చేసిరి. జాక్ పనిజెల్ తీసిన చలనచిత్రము 1962 మొదలు పదేండ్లకు పైగా నిషేధమునందుండెను. ఎలీ కగాన్ ఆ రాత్రి తీసిన ఛాయాచిత్రములు మాత్రము మిగిలినవి. జరిగినది ఎవరికిని తెలియదని కాదు. తెలిసినవారి మాట నిలుచుటకు చోటు లేకపోయెను.

నవలలో ఆ రాత్రి వీథిలో జనులు చచ్చుచుండగా, వారితో ఏ సంబంధమును లేని రోజే తిరో అను చరిత్రోపాధ్యాయుడు తన ఇంటిసమీపమున తుపాకిగుండుకు బలియగును. అంతటి కల్లోలములో ఒక్క శవము ఎక్కువైనను అడుగువా రుండరు గదా. హంతకుడు ఎన్నుకొనిన సమయము అట్టిది. ఇరువది ఏండ్లు గడచును. అతని కుమారుడు బెర్నార్, తానును చరిత్ర విద్యార్థియే, దక్షిణమున తులూజ్ నగరమున రికార్డు కార్యాలయమున కొన్ని పాత కట్టలను చూచి వెలుపలికి వచ్చి హతుడగును. ఆ ఊరి పోలీసు ఇన్‌స్పెక్టరు కదేన్ పరిశోధన నారంభించును. తండ్రి కుమారులు ఒకే కట్టను చదివిరని, ఆ కట్టలో ఉన్నవి 1942 ప్రాంతమున యూదులను తూర్పుదేశములకు పంపిన కాగితములని అతనికి క్రమముగా తెలియవచ్చును.

తండ్రి ఆ కట్టను చూచుటకు కారణము రాజకీయము కాదు. అతడు పారిసునకు ఈశాన్యముననున్న ద్రాన్సీ యను ఊరివాడు; తన ఊరి చరిత్రను వ్రాయుచుండెను. మనలో ఎందరో ఉపాధ్యాయులు తమ గ్రామచరిత్రలను వ్రాసిరి. అదియు అట్టి నిరపాయమైన పనియే. కాని ద్రాన్సీ చరిత్ర వ్రాయువాడు 1941 మొదలు 1944 వరకుగల అధ్యాయమును దాటిపోలేడు. అక్కడ పేదలకై కట్టిన గృహసముదాయమును నిర్బంధశిబిరముగా మార్చిరి. ఫ్రాన్సునుండి పంపబడిన సుమారు 76 వేలమంది యూదులలో అరువది వేలకు పైబడి ఆ శిబిరము గుండానే పోయిరి. అందు అత్యధికులు ఆష్విట్జ్ చేరిరి. ఆ శిబిరమునకు చాలకాలము కావలియున్నవారు ఫ్రెంచి భటులే. యుద్ధానంతరము ఆ భవనములలో మరల కుటుంబములు కాపురముండసాగినవి. ఆ ఉపాధ్యాయుడు ఏ ప్రాంతమునుండి ఎందరు వచ్చిరో పట్టిక వేయుచు, తులూజ్ ప్రాంతమునుండి వచ్చినవారిలో పిల్లల నిష్పత్తి అసహజముగా హెచ్చియుండుట గమనించెను. అందులకు కారణము ఒక అధికారియొక్క అత్యుత్సాహము. ఆ అధికారి 1961 నాటికి పారిసు పోలీసు శాఖలో ఉన్నతపదవియందుండెను. ఉపాధ్యాయుని చంపినవాడు పై అధికారి ఆజ్ఞ మేరకు పనిచేసిన పోలీసువాడు. ఆజ్ఞకు నిజమైన కారణము వానికి తెలియదు. రెండు హత్యలకు మూలము ఒక పట్టికలోని అంకెలని చెప్పుట ఈ నవలయందలి గొప్ప ఊహ. నెత్తుటి మరకలు, వ్రేలిముద్రలు కాక, గణాంకములే ఇచ్చట సాక్ష్యము.

పాఠకులు ఇచ్చట పపోన్‌ను తలచుకొనక మానరు. అతడు 1942 మొదలు 1944 వరకు బోర్డో నగరమున ప్రీఫెక్టు కార్యాలయమునకు ప్రధాన కార్యదర్శి. 1961లో పారిసు పోలీసులకు అధిపతి. 1978 మొదలు 1981 వరకు ఫ్రాన్సు దేశపు బడ్జెటు మంత్రి. బోర్డోనుండి యూదులను పంపించిన ఉత్తరువులపై అతని సంతకములు కలవని 1981 మే నెలలో ఒక వారపత్రిక బయటపెట్టెను. పపోన్ గుట్టును బయటపెట్టినది ఈ నవలయే యని కొందరు వ్రాయుచుందురు. అది పొరపాటు. నవల వెలువడునప్పటికి ఆ వార్త మూడేండ్ల పాతది; అతనిపై నేరారోపణయు 1983లోనే జరిగినది. అమెరికా రచయిత విలియం గార్డ్‌నర్ స్మిత్ 1963లోనే అక్టోబరు మారణకాండను తన నవలలో చిత్రించెను గనుక, ఆ విషయమును మొదట కల్పనాసాహిత్యమున చేర్చిన గౌరవమును దెనాంక్స్‌ది కాదు. అతడు చేసినది వేరొకటి. 1942ను, 1961ని ఒకే దస్త్రములో కట్టి చూపెను. యూదులను రైళ్ళెక్కించిన కార్యాలయపు అలవాట్లే అల్జీరియనులను నదిలో త్రోసిన రాత్రికిని దారితీసినవని ఆ కూర్పునకు అర్థము.

ఈ కూర్పు నవలాకారుని చేతిలో ఏల జరిగినది, చరిత్రకారుని చేతిలో ఏల జరుగలేదు? ఇందులకు శాసనసంబంధమైన కారణములు కలవు. 1979 జనవరి 3వ తేదీనాటి ఫ్రెంచి రికార్డుల చట్టము సామాన్యపత్రములను ముప్పది ఏండ్లు, వ్యక్తుల ఆంతరంగిక జీవితమునకు గాని రాజ్యరక్షణకు గాని సంబంధించినవానిని అరువది ఏండ్లు మూసియుంచుమని విధించెను. ఆ లెక్కను 1961నాటి పోలీసు పత్రములు 2021 వరకు తెరువనక్కరలేదు. ఇక శిక్ష విషయము. మానవజాతిపట్ల చేసిన నేరములకు కాలదోషము లేదని 1964 డిసెంబరులో ఫ్రాన్సు చట్టము చేసినది. అల్జీరియా యుద్ధసంబంధమైన కృత్యములకో, 1962 మొదలు 1968 వరకు వరుసగా క్షమాదానము లభించినది. కావున ఒకే మనిషి చేసిన రెండు పనులలో పాతది శిక్షార్హము, క్రొత్తది శిక్షకు దూరము. నవలలోని అధికారి 1961 రాత్రిని గూర్చి భయపడక, 1942 కట్టను గూర్చి భయపడుటలో చట్టజ్ఞానము కలదు.

తరువాతి చరిత్ర ఈ వైరుధ్యమును ధ్రువపరచెను. జాన్ లుక్ ఎనోది యను పరిశోధకుడు మూయబడిన రికార్డులకు వెలుపలనున్న సాక్ష్యములను సేకరించి అక్టోబరు మారణకాండపై 1991లో సమగ్రగ్రంథము ప్రకటించెను. ఇది నవలకు ఏడేండ్ల తరువాతిమాట. 1997 అక్టోబరులో బోర్డోలో పపోన్ విచారణ ఆరంభమైనప్పుడు, నేరారోపణ యుద్ధకాలమునకు మాత్రమే సంబంధించినదైనను, ఎనోది 1961 రాత్రిని గూర్చి న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. నవలలో కలిసిన రెండు కథలు అక్కడ నిజముగా కలిసినవి. 1998 ఏప్రిల్ 2వ తేదీన పపోన్‌కు పది సంవత్సరముల శిక్ష పడినది, బోర్డో విషయమున మాత్రమే. అతడు ఎనోదిపై పరువునష్టము దావా వేసి 1999లో ఓడిపోయెను. ఆ దావాలో ఎనోది పక్షమున సాక్ష్యమిచ్చిన ఇద్దరు రికార్డు ఉద్యోగులను వారి కార్యాలయము పిమ్మట చాలకాలము పనినుండి దూరముగానుంచెను. రికార్డు గదిలో హత్యకు కారణమును వెదకిన నవలను అతిశయోక్తి యనువారు ఈ సంగతిని గమనింపవలెను. సెన్ నదిపై వంతెనకడ స్మారకఫలకము 2001లో వెలసినది. ఫ్రాన్సు అధ్యక్షుడు ఆనాటి రక్తపాతమును అంగీకరించినది 2012లో.

ఇంత చెప్పినను నవలయందు దోషములు లేవనుట సరికాదు. మొదటి ప్రకరణమున కొందరు అల్జీరియనులను పేరుపేరున చూపి, వారి ఇండ్లనుండి ఊరేగింపునకు తీసికొనివచ్చుట చక్కగానున్నది. ఆ పిమ్మట వారు మరుగున పడుదురు. ఇన్‌స్పెక్టరు జాడ తీయునది ఫ్రెంచి ఉపాధ్యాయుని హత్యకు మాత్రమే. నదిలో తేలిన శవములకు పరిశోధకుడు లేడు. వారి మరణము మరొక హత్యను దాచు తెరయైనది. ఇది దెనాంక్స్ ఉద్దేశము కాదు. ప్రక్రియ పెట్టిన నిర్బంధము. ఒక హతుడు, ఒక హంతకుడు, ఒక కారణము ఉన్నగాని డిటెక్టివు నవల నడువదు. కార్యాలయములు చేసిన నేరములో చేతులు వందలు. ఒకడు పట్టిక వ్రాయును, ఒకడు రైలుపెట్టెలు కుదుర్చును, ఒకడు సంతకము చేయును. వారినందరిని ఒక్క అధికారిలో ప్రోగుచేసి చూపినప్పుడు చదువరికి కోపము పెరుగును గాని, యంత్రము కనబడదు.

ఈ జాతి నవలలన్నియు ఒకే తీర్పు చెప్పవు. జపానులో మాత్సుమొతో సేయిచో 1958లో పత్రికాముఖమున ఆరంభించిన 'జీరో నో షోతెన్' నవలయందు క్రొత్తగా పెండ్లియైన యువతి తన భర్త కానరాక నోతో ద్వీపకల్పపు చలిగాలులలో వెదకుచు పోవును. భర్త అమెరికా సేనల ఆక్రమణకాలమున పోలీసు ఉద్యోగి. వరుస హత్యలు చేసినది ఒక సంపన్నగృహిణి. ఓడిన దేశమున ఆకలికాలమున విదేశసైనికులకు దేహమమ్ముకొనిన తన గతమును దాచుటకు. హేతువు ఫ్రెంచి నవలలోనిదే: గడించుకొనిన గౌరవము పోవునను భయము. కాని అక్కడి నేరస్థుడు యుద్ధమును వాడుకొనినవాడు. ఇక్కడి నేరస్థురాలు యుద్ధమువలన నలిగినది. అతనిపై మనకు రోషము, ఆమెపై జాలి. నా దృష్టిలో మనస్తత్త్వచిత్రణమున జపాను నవలయే మిన్న.

ఐస్లాండు రచయిత అర్నాల్దుర్ ఇంద్రిదాసన్ 2001 నాటి నవలలో బ్రిటిషు సేనలు దిగిన కాలపు అస్థికలు రేక్యావిక్ శివార్లలో బయల్పడును. అచ్చట యుద్ధము దూరపు నేపథ్యము మాత్రమే, రహస్యము ఒక ఇంటి నాలుగు గోడల నడుమది. నార్వేకు చెందిన యూ నెస్‌బో 2000లో ప్రకటించిన 'రోద్‌స్త్రూపె' జర్మనుల పక్షమున తూర్పురంగమున పోరిన నార్వే యువకులను తీసికొన్నది. నార్వేజియనులందరు ప్రతిఘటించినవారే యను జాతీయకథకు అది ఎదురుమాట.

దెనాంక్స్ నవలను తెలుగుచేయ నెంచువారికి పేరు దగ్గరనే చిక్కు కలుగును. ఆంగ్లానువాదకులు దానికి స్మారకార్థకమైన పేరు పెట్టిరి. అది సమాధిపై చెక్కు మాటవలె నున్నది. కాని ఫ్రెంచియందు 'పూర్ మెమ్వార్' అనునది లెక్కల పుస్తకములలోని మాట గూడను. మొత్తమునకు చేర్చక, కేవలము గుర్తుకై వ్రాసియుంచు పద్దుకు గుమాస్తాలు ఆ మాట వ్రాయుదురు. పేరు ఉండును, ఎదుట అంకె ఉండదు. 'స్మృత్యర్థము' అనిన మొదటి అర్థము వచ్చును గాని, రెండవది జారిపోవును. మన పాత కరణాల లెక్కలలో ఇట్టి పద్దుకు ఏమి వ్రాసెడివారో విచారించి, ఆ మాటను గ్రహించుట మంచిది.