మసాయి పచ్చికబయలులో బట్టమేక చుట్టము

గడచిన దసరా సెలవులలో మేము కెన్యా దేశమునకు పోయి వచ్చితిమి. బడిపంతులుగారి జీతముతో ఆఫ్రికా యాత్ర యెట్లు సమకూడెనని మీరు శంకింపవచ్చును. నైరోబీలో నుద్యోగము చేయుచున్న మా మరదిగారు విమానపు టిక్కెట్లు పంపిరి. ఎల్లో ఫీవరు టీకా నొప్పి మాత్రమే మా స్వార్జితము. ఆ టీకాను ప్రయాణమునకు పది దినములు ముందుగా వేయించుకొని, దాని పత్రమును వెంట నుంచుకొనవలెను. లేనిచో పోవునపుడే కాక, తిరిగి మన దేశమున నడుగిడునపుడును చిక్కు కలుగును. పోదలచినవారు మరువకుందురు గాక.

మసాయి మారా యనగానే యెల్లరును సింహములను గూర్చియే యడుగుదురు. సింహములను మేమును చూచితిమి. అవి నిద్రించుచుండెను. అంతకంటె వ్రాయవలసినది లేదు. మేము చెప్పబూనినది ఆ మైదానమున పక్షులకై తిరిగిన యొక్క దినమును గూర్చి.

ఆ తావు పేరు నబోయిషో. మారా రక్షితారణ్యమును ఆనుకొనియున్న పచ్చికబయలు. సుమారు 50,000 ఎకరములుండును. 2010లో అయిదువందలకు పైబడిన మసాయి కుటుంబములవారు తమ తమ భూములను కలిపి, కంచెలు వేయక, యాత్రికుల బసలు నడుపువారికి కౌలునకిచ్చిరి. నబోయిషో యనగా వారి భాషలో కలిసివచ్చుట యని యర్థమట.

ఉదయము ఆరు గంటలకు జీపెక్కితిమి. ఆఫ్రికా యనిన నెండయే యనుకొని పోయిన మాకు శాలువలు చాలలేదు. ఆ బయలు సముద్రమట్టమునకు 5,000 అడుగులకు పైని యున్నది. మా మార్గదర్శి యెఱ్ఱని వస్త్రము కప్పుకొనిన మసాయి పురుషుడు. చిన్నతనమున నావులను మేపుచు పక్షుల కూతలు నేర్చుకొనెనట. మావారు దుర్భిణి నెత్తబోగా నాతడు నవ్వి, ముందు చెవి, తరువాత కన్ను అనెను. స్వాహిలీ భాషలో పక్షికిని విమానమునకును న్దెగే యను నొక్కటే పేరని యాతనివలననే తెలిసెను. మన ఖగ శబ్దము పక్షికిని బాణమునకును చెల్లుట మాకు జ్ఞప్తికి వచ్చినది.

కొంతదూరము పోయి జీపు దిగి నడచితిమి. తుపాకి పట్టిన కావలివాడొకడు వెంట వచ్చెను. అడుగు వేయబోవుచుండగా మార్గదర్శి చేయి యడ్డుపెట్టెను. మా పాదమునకు జానెడు దూరమున వట్టినేలపై మూడు గ్రుడ్లుండెను. పేడ రంగు, మట్టి రంగు కలిసిన మచ్చలు గల ఆ గ్రుడ్లను చూపినగాని కానరావు. తల్లిపక్షి మా చుట్టు తిరుగుచు నొకటే మొఱపెట్టుచుండెను. అది మన తీతువునకు దగ్గరి చుట్టము, నెత్తిన తెల్లని వలయము గలది. మా పుట్టింట రాత్రివేళ తీతువు కూసిన అమ్మ యులికిపడి, దుశ్శకునమని దానిని తిట్టెడిది. పంచతంత్రములో సముద్రము తన గ్రుడ్లను హరింపగా మొఱపెట్టినది ఈ టిట్టిభమే. కథ చదివి జాలిపడిన మేమే కూత విని తిట్టితిమి! చప్పున వెనుకకు మరలితిమి.

ఆ దినము విజయదశమి. ఇంటియొద్ద నున్నచో పాలపిట్టను చూడక భోజనము చేయము. తెలంగాణమున నది రాష్ట్రపక్షి కూడను. తొమ్మిదిగంటల వేళ తుమ్మచెట్టు కొమ్మపైనుండి యొక పక్షి రివ్వున లేచి ఱెక్కలు విప్పెను. అదే నీలము! రొమ్ము మాత్రము ఊదారంగు. పాలపిట్టకు సొంత చెల్లెలని చెప్పవచ్చును. మావారు టోపి తీసి నమస్కరించిరి. ఎందులకని మార్గదర్శి యడుగగా వివరించితిమి. నాటినుండి యా పక్షి యగపడినప్పుడెల్ల నాతడును చేయి జోడించెను.

పిమ్మట లేఖరి పక్షిని చూచితిమి. నాలుగడుగుల యెత్తున, తలవెనుక ఈకలు కలములవలె నిక్కియుండును. అది పామును కాళ్లతో తన్ని చంపును. చెవిమీద పెన్సిలు పెట్టుకొను మావారిని చూచి మేము నవ్వినందుకు మధ్యాహ్నము వరకు వారికి మాతో మాటలు లేవు.

మధ్యాహ్నము చెట్టునీడను మా తోడికోడలు కట్టియిచ్చిన పులిహోర విప్పితిమి. మార్గదర్శి తాను తెచ్చిన ఉగాలి పెట్టెను. మొక్కజొన్నపిండితో చేసినది, మన సంకటియే. ఎదుట నావులమంద మేయుచుండెను. పక్షులకు విడిచిన నేలలో పశువులేల యని యడిగితిమి. ఆవులు వంతులవారిగా మేసి పోయినచోట గడ్డి పొట్టియగును, అచ్చట తీతువులును భరతపక్షులును చేరును, మేయనిచోట పొడుగు గడ్డిలో వేఱు పక్షులు గూళ్లు పెట్టును, ఆవు లేనిచో తుప్పలు మొలచి బయలే పోవును, అని యాతడు చెప్పెను.

సాయంకాలము నాలుగు దాటిన పిదప మేమెదురుచూడనిది జరిగినది. నూఱడుగుల దూరమున గడ్డిలో నొక మహాపక్షి మెడ నిక్కించి, తొందరలేక, పెద్దమనిషివలె నడచుచుండెను. దాని పేరు కోరి. ఆఫ్రికాలో నెగురగల పక్షులలో నింతకంటె బరువైనది లేదు. మగది పదునెనిమిది కిలోల వరకు తూగును. మా గొంతు పూడుకొనిపోయినది. అది మన బట్టమేకపిట్టకు దాయాది, రెండును నొకే ప్రజాతిలోనివి.

ఎనిమిదేండ్ల క్రిందట బట్టమేకను చూడవలెనని రోళ్లపాడు పోయియుంటిమి. అచ్చటి యభయారణ్యము 1988లో నాపక్షి కొఱకే యేర్పడినది. రెండు దినములు తిరిగితిమి. కృష్ణమృగములు గుంపులుగా నుండెను. చుట్టుపట్ల నీరు పాఱి పంటలు మాఱినవి. వృద్ధుడైన కావలివాడు చేయి చాచి, అదిగో అక్కడ నిలిచెడిది తల్లీ, అనెను. మేము ఆ వట్టిచోటును చూచి వచ్చితిమి. సలీం అలీగారు జాతీయపక్షిగా నుండదగినదని సూచించిన పక్షి యది. ఏటికి సాధారణముగా నొక్క గ్రుడ్డు, అదియు వట్టినేలపై. ఇప్పుడు దేశమంతట నూటయేబదికి లోపుగనే మిగిలినవి. అందు పెక్కు జైసల్మేరు ప్రాంతమున నున్నవి. అచ్చట విద్యుత్తీగలకు తగిలి చచ్చుచున్నవని 2019లో సుప్రీంకోర్టు వరకు వ్యాజ్యము పోయినది.

మీకడ నెన్ని గలవని మార్గదర్శి యడిగెను. మావారు సంఖ్య చెప్పిరి. జిల్లాలోనా యని యాతడు మరల నడిగెను. దేశములో, అనిరి. ఆతడు మాటాడలేదు.

ఇక దాపనేల? మామగారు విడిచిన ఆఱెకరముల బీడు నందికొట్కూరు వైపున మాకు గలదు. దానిలో పొరుగువారి గొఱ్ఱెలు మేసెడివి. వట్టి బంజరని నలుగురు నవ్వుచుండగా, మూడేండ్ల క్రిందట అమ్మాయి కళాశాల జీతమునకై మేమే పట్టుపట్టి ట్రాక్టరు పెట్టి దున్నించి మొక్కజొన్న వేయించితిమి. ఆ యేడు పంట బాగుగనే వచ్చినది, జీతము కట్టితిమి. అందు బట్టమేక యుండెనని మేమనము. దున్నుటకు ముందు అందేమున్నదో మేమొక్కనాడును పోయి చూడలేదు.

ప్రొద్దు గ్రుంకువరకు కోరి కనబడుచునే యుండెను. బసకు చేరిన పిమ్మట మార్గదర్శి తన పట్టిక తీసెను. ఆనాడు చూచిన పక్షులు అఱువదిమూడు. కోరి యని వ్రాసిన వరుసకు నెదురుగా, మీ దేశపు చుట్టము పేరు మీ లిపిలో వ్రాయుడని కలము మా చేతికిచ్చెను. బట్టమేక యని వ్రాసితిమి. ఆతడు వేలితో నక్షరములను తడవుచు, బటమేకా, బటమేకా యని రెండుమాఱులు పలికెను. ఒత్తు పలుకవలెనని మావారు దిద్దబోయిరి. మేము వారించితిమి.