పాత భాషలకు మనుషులు కరవా? కోబాల్, ఫోర్ట్రాన్ నిపుణులపై అపోహలు – వాస్తవాలు

సముద్రం పోటెత్తే ముందు భీమునిపట్నం (భీమిలి) మత్స్యకారులకు వేటకు వెళ్లొద్దని కబురు వస్తుంది. అలాంటి హెచ్చరికల వెనక హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తల లెక్కలుంటాయి. అలల ఎత్తును అంచనా వేయడానికి అక్కడ వాడే వేవ్‌వాచ్ 3, తుపాను ఉప్పెనను లెక్కగట్టే ఆడ్‌సర్క్, రెండూ ఫోర్ట్రాన్‌లో రాసినవే. ఆ భాష 1957లో బయటికొచ్చింది. ఫోర్ట్రాన్, కోబాల్ లాంటి పాత భాషల కోడును చూసుకునే మనుషులు దొరకడం లేదని బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఎన్నాళ్లుగానో వాపోతున్నాయి. కొరత నిజమే. కానీ ఆ కొరత దేనికో సరిగ్గా తెలుసుకోకపోతే వెతుకులాట దారి తప్పుతుంది.

అపోహ 1: ఇవి ఎప్పుడో చచ్చిపోయిన భాషలు.

వాస్తవం: ఫోర్ట్రాన్‌కూ, 1959లో రూపకల్పన మొదలైన కోబాల్‌కూ 2023లో కొత్త అంతర్జాతీయ ప్రమాణాలు వెలువడ్డాయి. వాతావరణ పరిశోధనలో ప్రపంచమంతా వాడే డబ్ల్యూఆర్ఎఫ్ నమూనాలో ముఖ్యభాగం ఫోర్ట్రానే. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ తుపానుపై ఆ నమూనాతో అధ్యయనాలు జరిగాయి. తుపానుల తీరంలో ఉన్న మనకు ఈ భాష మ్యూజియం వస్తువు కాదు.

అపోహ 2: తెలిసినవాళ్లంతా రిటైరైపోయారు.

వాస్తవం: సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000ను 1900గా పొరబడతాయన్న వైటూకే భయం తెలుగువారి జీవితాలను మార్చేసింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్, దానికి తోడుగా వాడే జేసీఎల్, డీబీటూ నేర్చుకుని ఎందరో అమెరికా విమానమెక్కారు. అమెరికా కూడా 1999, 2000 సంవత్సరాలకు హెచ్‌-1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. అప్పటి పాతికేళ్ల కుర్రాళ్లకు ఇప్పుడు యాభై దాటిందంతే. వాళ్లలో కొందరు మేనేజర్లయ్యారు, కొందరు వేరే సాంకేతికతల్లోకి మారారు. ‘కోబాల్ ప్రోగ్రామర్ కావలెను’ అన్న ప్రకటన వాళ్ల కంట పడదు. మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్ల మీద బ్యాంకు, బీమా లెక్కలు నడిపిన అనుభవం గురించి అడిగితే పలుకుతారు.

అపోహ 3: ఈ భాషలు ఇప్పటి పిల్లలకు ఎక్కవు.

వాస్తవం: ప్రోగ్రామింగ్ వచ్చినవారికి కోబాల్ వ్యాకరణం పట్టుబడటానికి కొన్ని వారాలు చాలు. 2020లో ఐబీఎం, ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు కలిసి దానికి ఉచిత పాఠాలు కూడా అందుబాటులోకి తెచ్చాయి. కష్టమంతా పాత కోడులో దాగిన అలవాట్లతోనే. ఫోర్ట్రాన్‌లో ప్రకటించకుండా వాడిన పేరు ఐ నుంచి ఎన్ వరకున్న అక్షరాలతో మొదలైతే దాన్ని కంప్యూటర్ పూర్ణాంకంగా తీసుకుంటుంది. ఒక్క అక్షరం తప్పు పడితే కొత్త చలరాశి పుట్టుకొస్తుంది, లెక్క చడీచప్పుడు లేకుండా తప్పుతుంది. దీన్ని ఆపే ఆదేశం ఉంది, కానీ పాత కోడులో చాలాచోట్ల అది కనిపించదు. ఇలాంటివి పెద్దల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవి.

అపోహ 4: వ్యవస్థ కుప్పకూలిందంటే తప్పు పాత భాషదే.

వాస్తవం: 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావాలని కోరారు. నింద కోబాల్ మీద పడింది. కంప్యూటింగ్ చరిత్రకారులు మార్ హిక్స్ పరిశీలించి రాసిందేమిటంటే, మొరాయించింది జావాలో రాసిన వెబ్‌సైటు. వెనక ఉన్న కోబాల్ కాదు.

అపోహ 5: కొత్త భాషలో తిరగరాసేస్తే గొడవ వదులుతుంది.

వాస్తవం: కోబాల్ డబ్బును దశాంశాల్లోనే లెక్కిస్తుంది. ‘రౌండెడ్’ అని ప్రత్యేకంగా చెప్పకపోతే మిగిలిన భిన్నాన్ని కత్తిరించేస్తుంది. ఇది తెలియకుండా తిరగరాస్తే లక్షల ఖాతాల్లో పైసల తేడాలొస్తాయి. మార్పిడి ఎంత ప్రమాదమో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు చూసింది. 2018 ఏప్రిల్‌లో ఖాతాలను కొత్త వ్యవస్థకు తరలిస్తే 19 లక్షల మంది దాకా తమ ఖాతాలు తెరవలేకపోయారు. 2022లో ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. కృత్రిమ మేధ కోడును అనువదించగలదు, వివరించగలదు. కానీ ఒక వింత నిబంధన పొరపాటో, ముప్పై ఏళ్ల కిందట ఎవరో తెలిసే పెట్టిన మినహాయింపో చెప్పాల్సింది ఆ పని తెలిసిన మనిషే.

అందుకే నియామకాల్లో భాష పేరు కన్నా చదివే నేర్పును పరీక్షించండి. అసలైన పాత కోడు ఓ రెండు పేజీలు చేతికిచ్చి, అదేం చేస్తోందో, ఎక్కడ దెబ్బతినే వీలుందో అడగండి. అనుభవజ్ఞులను పిలిస్తే మరమ్మతుకు మాత్రమే వాడుకోకండి. ఇద్దరు యువకులను వాళ్లకు జతచేసి, తెలిసిన నిబంధనలన్నీ రాయించండి. ఆ రాతపనికీ సమయం, జీతం కేటాయించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం చదివేవారూ, భీమిలి దారిలో రుషికొండ ఐటీ కొండలమీద కొలువు వెతుక్కునేవారూ ఈ పనిని చిన్నచూపు చూడకూడదు. ఇతరులు రాసిన కోడును ఓపిగ్గా చదివి, చెడగొట్టకుండా బాగుచేయగలవారికి ఏ కాలంలోనైనా గిరాకీ ఉంటుంది. అలాంటివారు దొరికేదాకా కాచుక్కూర్చోవడం కన్నా మన దగ్గరే తయారుచేసుకోవడం మేలు.